దుబాయ్ లేని ప్రపంచయాత్ర

నాకు లోకం చూడాలని ఎన్నడు లేకుండె. గీ మాట ముందుగాలనే చెప్తున్న. ఎందుకంటే నన్ను ఎరిగినోళ్లందరు నాకు తిరుగుడు పిచ్చి అనుకుంటరు. డిగ్రీల మూడేండ్లు నోట్‌బుక్ ఎనుక పేజీలల్ల దేశాల పేర్లు రాసింది నేనే. ఏ దేశం వీసా లేకుండ రానిస్తది, ఏ దేశంల విమానం దిగినంక ముద్ర కొడుతరు అని ఫోన్ల వెతికి వెతికి కండ్లు పోగొట్టుకున్నది నేనే. కాని నిజం చెప్తే నాకు చూడాలని ఉన్నది ఒక్కటే. దుబాయ్‌ల మా బాపు ఉండే రూం. అది ఎట్లున్నదో, ఆయన మంచం ఏ మూలకున్నదో, పొద్దుగాల లేసి మొకం ఏడ కడుక్కుంటడో చూడాలె. మిగతా దేశాలన్ని దానికి తోడుగ రాసుకున్నయే.

మా బాపు నేను పుట్టిన ఏడాదికే దుబాయ్ పోయిండు. రెండేండ్లకోసారి రెండు నెలలు వస్తుండె. వచ్చిన మొదటి వారం ఆయన ముందల నాకు నోరు పెగలకపోతుండె. ఆయనకు కూడ నాతోని ఏం మాట్లాడాలెనో తెల్వకపోతుండె, "సదువుతున్నవా" అని రోజుకు నాలుగుసార్లు అడుగుతుండె. రెండో నెల సగమైనంక జర సోపతి కలుస్తుండె. అంతల్నే అమ్మ పెట్టె దులుపుడు మొదలుపెడుతుండె. ఇది ఏడ్చే ముచ్చట కాదు, పెర్కిట్‌ల మా గల్లీల సగం ఇండ్లు గిట్లనే. బడిల "మీ బాపు ఏడుంటడు" అని సారు అడిగితే దుబాయ్ అనేటోళ్లు ఒక దిక్కు, షార్జా అనేటోళ్లు ఒక దిక్కు, పొలం కాడ అనేటోళ్లు ఒక దిక్కు కూసుంటుంటిమి.

ఫోన్ల మాత్రం రోజు కనవడుతుండె. కాని ఆయన ఎప్పుడు ఫోన్ పట్టుకున్నా ఎనుక ఒక సున్నం గోడనే ఉంటుండె. "బాపు, జర రూం చూపెట్టు" అంటే, "ఏమున్నది బిడ్డా చూడనీకి" అనేటోడు. ఒకసారి మొండికేస్తే ఫోన్ తిప్పి బయట తొవ్వ చూపెట్టిండు. రెండు లారీలు, ఒక కరెంటు స్తంభం. గంతే.

ఇగ నా దోస్తు ముచ్చట. వాళ్లది ఆర్మూర్‌ల పసుపు కమీషన్ దుకాణం. రైతులు తెచ్చిన పసుపు వాళ్ల అరుగు మీద దిగుతది, వాళ్ల నాన్న కొమ్ము ఇరిచి చూసి ధర చెప్తడు. సీజన్ల వాళ్లింటికి పోతే సోఫా మీద కూడ సన్నగ పసుపు దుమ్ము ఉంటుండె, నా తెల్ల చున్నీ ఒకటి దాంతోనే ఖరాబయింది. కాలేజీల మొదటి రోజు మేమిద్దరం ఒక బెంచీల కూసున్నం, మూడేండ్లు లేవలే. అది నవ్వితే క్లాసంత చూస్తది. దాన్ని నవ్విచ్చింది నేనని ఎవరికి తెల్వది.

ప్రపంచయాత్ర మాట మొదలు అన్నది అదే. డిగ్రీ అయినంక ఒక ఏడాది ఏం చెయ్యకుండ దేశాలు తిరగాలె అంది. "ఏ దేశాలు" అని అడిగిన. దానికి తెల్వది. అదంత నాకొదిలేసింది. అప్పటికెల్లి అది కలలు కనుడు, నేను రాసుడు. ఫస్ట్ ఏడికి అంటే, దుబాయ్ అన్న. "దుబాయ్‌ల ఏమున్నదే, పెద్ద పెద్ద బిల్డింగులు తప్ప" అంది. విమానాలు మస్తు ఉంటయి, ఏడికి పోవాలన్న అక్కడికెల్లి సులువు అని చెప్పిన. అబద్ధం కాదు. కాని అసలు ముచ్చట కూడ కాదు. తర్వాత ఎప్పుడో దానికే అర్థమైంది, "అంకుల్ ఉన్నడనా" అంది. నేను తల ఊపిన. "అయితే అంకులే మనకు గైడ్" అని నా భుజం మీద చెయ్యేసింది. గా రోజు అదంటే నాకు పానం.

నేను పోతనని ఎట్ల నమ్మిన్నో ఇప్పుడు అడిగితే చెప్పలేను. అమ్మ చాట ముందల పెట్టుకొని పొద్దంత బీడీలు చుట్టుతుండె, బాపు అక్కడ ఎండల సెంట్రింగ్ పని చేస్తుండె, నేను ఇక్కడ నోట్‌బుక్‌ల కెన్యా అని రాస్తున్న. అయినా నమ్మిన. బాపును ఒక్కసారి కూడ అడగలే, "నేను రావాల్నా" అని. అడిగితే వద్దంటడేమో అని భయం. రాసుకుంటే ఎవరు వద్దనరు.

డిగ్రీ అయిపోయింది. రెండు నెలలకు నేను పెర్కిట్ రోడ్డు మీద టికెట్లు తీసే దుకాణంల కొలువుకు చేరిన. గల్ఫ్ పోయేటోళ్లకు విమానం టికెట్లు తీసుడు, వీసా కాగితం కలర్ ప్రింట్ కొట్టిచ్చుడు, సామాను కాంట మీద పెట్టి ముప్పై కిలోలు దాటితే ఏది తీసెయ్యాలెనో చెప్పుడు నా పని. ఒకరోజు మధ్యాహ్నం అది స్కూటీ మీద వచ్చింది. మొకం ఎలిగిపోతున్నది. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ చేసే వాళ్లక్క ఉద్యోగం బంద్ పెట్టిందట, ఆరు నెలలు దేశాలు తిరుగుతదట. అక్కతోని అయితే పోయి రా అని వాళ్ల నాన్న ఒప్పుకున్నడట.

"మన ప్లానేనే" అంది. "మనం రాసిందే. అక్కకు చూపెట్టిన, సూపర్ అంది."

మన ప్లాన్. 

అది నన్ను అడగలేదు అంటే పాపం తగులుతది. అడిగింది. "నువ్వు కూడ రారాదే" అంది. "నేనెట్ల వస్తనే" అన్న. అని, రెండోసారి అడుగుతదని చూసిన. మనుషులు రెండోసారి అడుగుతరు గద, అన్నం పెట్టేటప్పుడు కూడ వద్దంటే రెండోసారి అడుగుతరు. అది అడగలే. "అదే గద" అని, కుర్చీ గుంజుకొని కూసొని, "టికెట్లన్ని నువ్వే తియ్యాలె. నాకు తల తిరుగుతది" అంది. ఎనుకకెల్లి మా సేటు కూడ సంబరపడ్డడు, పెద్ద గిరాకీ వచ్చిందని.

పోయేటప్పుడు స్కూటీ ఎక్కి అంది, "ఫస్ట్ దుబాయే. మూడు రోజులు. అంకుల్‌ను కలుస్తం, నీ తరఫున."

నీ తరఫున. గీ రెండు మాటలకు నాకు వచ్చిన కోపం ఇంతంత కాదు. నా బాపును చూడనీకి నా తరఫున ఇంకొకరు పోవుడేంది. గిది ఏ లోకం పద్ధతి.

బాపుకు చెప్పకుండ ఉందామనుకున్న. అమ్మ చెప్పేసింది. సెలవు రోజు మధ్యాహ్నం ఫోన్ల ఆయన మొకం చూసిన, పండుగ లెక్క. "ఆ పిల్లనా, పసుపు సేటు బిడ్డనా? మన దగ్గరికి వస్తదా?" అని అమ్మనడిగిండు, నన్నడిగిండు, మళ్ల అమ్మనడిగిండు. తర్వాత వారం ఫోన్ చేసి, "వాళ్లు మాంసం ముట్టరు గద?" అన్నడు. ముట్టరు అన్న. "మా రూంల గిన్నెలన్నిట్ల చికెన్ వండుతం. గందుకే కొత్త కుక్కరు, కొత్త తవా తెస్తున్న. వేరే పెడుత."

ఇగ అప్పటికెల్లి ఏ ఫోన్ల చూసినా అదే ముచ్చట. రూంల ఎనిమిది మంది ఉంటరు. ఆ రోజు అందరు పొద్దుగాలనే బయటికి పోవాలె అని వాళ్లను ఒప్పిచ్చిండట. అక్కడ కారు నడిపే మన ఆలూర్ ఆయన ఒకడు ఆ రోజు వీళ్ల కోసం బండి తెస్తనన్నడట. మంచాల మీద దుప్పట్లు ఉతికిచ్చిండట. నాకు దుకాణంల కౌంటర్ మొత్తం అప్పజెప్పిండ్రు బాపు అని నేను చెప్పిన. "మంచిదే బిడ్డా" అన్నడు, అని, "ఆ పిల్ల చపాతి తింటదా, అన్నమే కావాల్నా?" అన్నడు. నాకు తిక్క లేసింది. "ఏమో, దాన్నే అడుగు" అని ఫోన్ అమ్మ చేతుల పెట్టి లోపలికి పోయిన.

ఇంకో వారం ఆయనంతట ఆయనే ఫోన్ తిప్పిండు. కొత్త కుక్కరు చూపెట్టనీకి. కుక్కరు ఎనుక ఒక అర సెకను, రెండంతస్తుల ఇనుప మంచం, దాని మీద ఆకుపచ్చ దుప్పటి కనవడ్డది. గా మంచం బాపుదా, వేరేటోళ్లదా తెల్వది. అంతల్నే ఫోన్ మళ్ల ఆయన మొకం మీదికి వచ్చింది. ఇన్నేండ్లు నేను అడిగితే గోడ చూపెట్టిండు. అది అడగకముందే రూం తెరుస్తున్నడు. నేను గా రోజు అన్నం తినలే. అమ్మ కడుపునొప్పా అంటే అవునన్న, అది కూడ ఒక తీరు కడుపునొప్పే.

అంతల్నే ముచ్చట ఊర్లకు పాకింది. మా దగ్గర ఒక రివాజు ఉన్నది. ఎవరన్న దుబాయ్ పోతున్నరు అంటే చాలు, వాళ్ల పెట్టెల సగం వాళ్లది కాదు. ఎవరి భర్తకో తొక్కు, ఎవరి కొడుకుకో సకినాలు, ఎవరి అన్నకో బీపీ గోలీలు. తీసుకపోను అంటే ఇజ్జత్ పోతది, తర్వాత వాళ్లు పోయేటప్పుడు మనది తీసుకపోరు. ప్రపంచయాత్ర అంటే ఏందో మా ఆడోళ్లకు పట్టలే, దుబాయ్ అన్న మాట ఒక్కటే పట్టింది. పసుపు సేటు బిడ్డలు ఇద్దరు దుబాయ్ పోతున్నరట అనంగనే మోర్తాడ్‌కెల్లి కూడ సంచులు పట్టుకొని దుకాణం మీదికి వచ్చిండ్రు.

వాళ్ల నాన్న పరేషాన్ అయిండు. రైతులు పసుపు సంచులు దించే కాడ ఈ ఆడోళ్లు మామిడికాయ తొక్కు డబ్బాలు దించుతున్నరు, డబ్బాల మీద ఫోన్ నంబర్లు, పేర్లు. "నా బిడ్డలు కొలువుకు పోతలేరమ్మా, చూసి వస్తరంతే" అంటే, ఒకామె, "చూసొచ్చేటోళ్లయితే ఇంకా మంచిది, చేతులు ఖాళీగ ఉంటయి గద" అన్నదట. మోర్తాడ్‌కెల్లి వచ్చిన ఒకామె భర్తకు కొత్త కండ్లద్దాలు పంపింది, ఆయన ఫోన్ చెయ్యి చాపి దూరం పెట్టుకొని చదువుతున్నడట. మా అమ్మది అన్నిట్ల పెద్ద సంచి. ఎల్లిపాయ కారం, మక్కపేలాలు, రెండు లుంగీలు, సగం కిలో పసుపు. పసుపు సేటు బిడ్డలతోని పసుపు పంపుడేందే అంటే, "మీ బాపుకు మన చేతుల దంచిందే కావాలె" అంది. వాళ్లక్క మొకం మాడ్చుకుంది. వాళ్లు వీపు మీద మోసే బ్యాగులు కొనుకున్నరు, ఒక్కోటి పది కిలోలకు మించొద్దట.

టికెట్ తీసే రోజు అక్కచెల్లెండ్లు ఇద్దరు దుకాణానికి వచ్చిండ్రు. నేను కంప్యూటర్ ముందల, వాళ్లు ఇటు దిక్కు. వాళ్లక్క ఫోన్ల అంత పట్టిక కట్టుకొని వచ్చింది. మొదటి గీత హైదరాబాద్ టు దుబాయ్, మూడు రోజులు. అక్కడికెల్లి జార్జియా. నేను మౌస్ మీద చెయ్యి పెట్టిన. తీస్తననే అనుకున్న, నిజంగ.

"దుబాయ్‌కు జర కష్టమున్నది ఇప్పుడు" అన్న.

నా నోట్లెకెల్లి అది ఎట్లొచ్చిందో నాకే తెల్వది, కాని ఒకసారి మొదలైనంక మస్తు సాఫ్‌గ వచ్చింది. పెండ్లి కాని ఆడపిల్లలు మొగోళ్లు ఎవరు లేకుండ అప్లై చేస్తే వీసా రిజెక్ట్ కొడుతున్నరు అన్న. ఒకసారి రిజెక్ట్ అయితే ఆ ముచ్చట తర్వాత దేశాలోళ్లు కూడ అడుగుతరు అన్న. మొన్ననే ఇద్దరివి రిజెక్ట్ అయినయి అన్న. ఎవరివి కాలే. ఆ వారం నేను అప్లై చేసిన వీసాలన్ని వచ్చినయి.

వాళ్లక్క రెండో మాట అనలే. "అయితే వద్దు, మొత్తం ట్రిప్‌కు రిస్క్" అంది. సంచుల కాడికెల్లి తప్పిచ్చుకున్నదన్న సంతోషం కూడ ఆమె మొకంల కనవడ్డది. నా దోస్తే నా దిక్కు చూసింది. "మరి అంకుల్?" అంది.

"నేను చెప్తలే" అన్న.

అది ఇంకో మాట అడగలే. గల్ఫ్ సంగతి మీ ఇంట్లోళ్లకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది అని దాని నమ్మకం. మస్కట్‌ల విమానం మారి సీదా జార్జియా పోయేటట్టు తీసిన. మస్కట్‌ల బయటికి పోవుడు ఉండది, కుర్చీలల్ల కూసునుడే. ప్రింట్ కొట్టి, మడత పెట్టి, కవర్ల పెట్టి ఇచ్చిన. 

సాయంత్రం బాపుకు ఫోన్ చేసిన. ఎప్పుడు ఆయనే చేస్తడు, నేను చేసుడు తక్కువ. "వాళ్లు వస్తలేరు బాపు, ప్లాన్ మార్చుకున్నరు" అన్న. "ఏమన్నయిందా?" అన్నడు. వీసా అని చెప్పేది ఉండె. అక్కడ చెప్పిన అబద్ధమే ఇక్కడ చెప్తే అయిపోయేది. కాని నాకు అది చాలలే. బాపుకు దాని మీద కోపం రావాలె. దాని పేరు మళ్ల ఎత్తొద్దు.

"వాళ్లక్కకు లేబర్ క్యాంపులకు వచ్చుడు ఇష్టం లేదట" అన్న.

 కోపం వస్తదని చూసిన. రాలే. "పోనీ తియ్ బిడ్డా. పెద్దింటి పిల్లలు. వాళ్లకేమున్నది ఇక్కడ చూడనీకి" అన్నడు. తర్వాత, "నువ్వు తిన్నవా" అన్నడు. తిన్న అని చెప్పిన. "మంచిది" అని ఫోన్ పెట్టేసిండు. ఆయన ఎనుక గోడ, ఎప్పటి గోడే.

నేను సంబరపడ్డ. దాచుకొని లాభం లేదు, ఒక రోజంత సంబరపడ్డ. రెండో రోజు అమ్మ సంచి ఇప్పి మక్కపేలాలు డబ్బాల మళ్ల పోస్తుంటే జర కండ్లు మళ్లిచ్చుకున్న. వాళ్ల పసుపు దుకాణం మీద ఉన్న సంచులన్ని నేనే ఆటోల ఏసుకొని తెచ్చిన. దుబాయ్ పోయే గిరాకీ వచ్చినప్పుడల్ల ఒక్కొక్కటి బతిమాలి పంపిన. ఆ మోర్తాడ్ ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది, కండ్లద్దాలు ముట్టినయా అని. మూడు వారాలకు ముట్టినయి.

నా దోస్తు, వాళ్లక్క పోయిండ్రు. ఫొటోలు మొదలైనయి. మంచు గుట్ట ముందల అది, సముద్రం ముందల అది, ఏదో పాత కోట మెట్ల మీద జుట్టు ఎగురుతుంటే అది. ప్రతి ఫొటో కింద నేను గుండె గుర్తు కొట్టి, ఫోన్ బోర్లేసి పెట్టి, ముందల నిలబడ్డ గిరాకీకి బోర్డింగ్ పాస్ తీసిచ్చిన. ఆ దేశాల మీద నాకు కుళ్లు లేకుండె అనుకున్న. ఉండె. ఆ కోట పేరు నేను రాసింది, రాసేటప్పుడు ఆ మెట్లు ఫోన్ల చూసిన. ఒకసారి మెసేజ్ పెట్టింది, "అంకుల్ ఫీల్ అయిండా?" అని. "ఏం లేదు" అని పెట్టిన. ఆరు నెలలు అనుకున్నోళ్లు నాలుగున్నర నెలలకే వచ్చిండ్రు, వాళ్లక్కకు కొత్త కొలువు దొరికిందట.

బాపు ఎండకాలం ముందల వచ్చిండు. పెట్టె ఇప్పిండు, అందరికి ఇచ్చుడు అయింది. ఈసారి మొదటి వారం ఆయన "సదువుతున్నవా" అని అడగలే, సదువు అయిపోయింది గద. ఏం అడగాలెనో తెల్వక, దుకాణంల ఏసీ ఉంటదా అని అడిగిండు.

నాలుగో రోజు నా దోస్తు వచ్చింది. బాపు వచ్చిండని ఎవరు చెప్పిండ్రో, చేతుల ఒక డబ్బ, ఏదో దేశం మిఠాయి. బాపు అరుగు మీద కుర్చీల కూసున్నడు. దాన్ని చూడంగనే లేసి నిలబడ్డడు. భుజం మీద తువ్వాల తీసి కుర్చీ దులిపిండు.

"రాండమ్మా, కూసోండి" అన్నడు.

మా బాపు నా దోస్తులను ఎవరిని గట్ల పిలువలే. చిన్నపిల్లలను కూడ "రా బిడ్డా" అంటడు. అది ఒక్క నిమిషం ఆగమైంది, నా దిక్కు చూసింది. నేను గడప కాడ నీళ్ల గిలాస పట్టుకొని నిలబడ్డ. బాపు కూసోలే, చేతులు కట్టుకొని గోడకు ఆనుకున్నడు, వాళ్ల దుకాణంల పసుపు తెచ్చిన రైతు నిలబడ్డట్టు.

"మీరు కూసోండి అంకుల్" అంది అది. ఇద్దరు కూసున్నంక, అది మంచిది గద, మనసుల ఏది ఉంచుకోదు, మొదలు అదే ఎత్తింది. "సారీ అంకుల్, మేము మీ దగ్గరికే ఫస్ట్ వద్దామనుకున్నం. నాకైతే మస్తు బాధైంది. కాని వీసా రిజెక్ట్ అయితది అని ఇది చెప్పింది గద, అక్క భయపడ్డది."

బాపు నా దిక్కు చూసిండు. ఒక్కసారే. ఎక్కువ సేపు కాదు.

నా చేతుల గిలాస అట్లనే ఉన్నది. ఇప్పుడు అంటడు, ఈ ఒక్క మాటతోని అయిపోతది అనుకున్న. అది నన్ను మళ్ల చూడది, బాపు నాతోని మాట్లాడడు.

"అవును బిడ్డా" అన్నడు దానితోని. "అప్పుడు గట్లనే ఉండె. మస్తు మందివి రిజెక్ట్ కొట్టిండ్రు. మీరు అప్లై చెయ్యకుండ మంచి పనే చేసిండ్రు."

నా కోసం మా బాపు అబద్ధం చెప్పిండు. మొగులు దిక్కు చూడకుండ, తడవడకుండ, దాని మొకంల మొకం పెట్టి చెప్పిండు. రెండేండ్లకోసారి వచ్చే మనిషి, నాకేం ఇష్టమో ఎరుక లేదని నేను ఇరవై ఏండ్లు అలిగిన మనిషి.

మళ్ల బిడ్డా అని పిలువనీకి ఆయనకు పానం తేలికైనట్టుంది. నవ్విండు. "నిజం చెప్పాల్నంటే నీకు వండి పెట్టుడు నాకో సాకు. నువ్వొస్తే నా బిడ్డ ముచ్చట్లు అడుగుదామని ఉండె" అన్నడు. "మూడేండ్లు దీనితోని ఒక బెంచీల కూసున్నవు. ఇది నాతోని ఎక్కువ మాట్లాడది, నాకు అడుగుడు రాదు. కాలేజీల ఎట్లుండె? దేనికి నవ్వుతది? ఎవలతోనన్న కొట్లాడుతదా?"

అది పకపక నవ్వింది. చెప్పుడు మొదలుపెట్టింది. కాలేజీ బస్సు కండక్టర్‌తోని నేను కొట్లాడి బస్సు ఆపిన ముచ్చట, క్లాసుల జామకాయ కారం అద్దుకొని తినుకుంట దొరికిన ముచ్చట, పరీక్షల ముందు నేను దానికి తల కొట్టుకుంట చదువు చెప్పిన ముచ్చట. బాపు "అట్లనా, అట్లనా" అనుకుంట ముందలికి వంగి విన్నడు. ఒక్కొక్కటి రెండుసార్లు చెప్పిచ్చుకున్నడు. నేను లోపల పొయ్యి కాడ చాయ్ పెట్టుకుంట విన్న. అప్పుడు కూడ నాకు కుళ్లే. నా ముచ్చట్లు నేను చెప్పాల్సినయి, అది చెప్తున్నది. ఆయన దుబాయ్‌ల దుప్పట్లు ఉతికిచ్చింది, రూంల ఉన్నోళ్లను బయటికి పోనీకి ఒప్పిచ్చింది గీ ముచ్చట్ల కోసమే అని తెలిసినంక కూడ కుళ్లే.

అది పోయినంక ఆయన తిడుతడని చూసిన. ఆ రోజు తిట్టలే, తెల్లారి తిట్టలే. నేను కూడ ఏం చెప్పలే. మొకం చూసి చెప్పాల్నంటే మొదలు ఏ అబద్ధం కాడికెల్లి మొదలుపెట్టాలె. దోస్తుకు చెప్పిందా, ఆయనకు చెప్పిందా. ఆయనకు చెప్పిందే పెద్దది. దాంతోని ఆయన ఇన్ని నెలలు, పసుపు సేటు బిడ్డకు మన గుమ్మం పనికిరాలేదు అనుకొని బతికిండు. గా మాట నేనే ఆయన మీద పెట్టిన.

రెండు నెలలు అయినయి. పోయే వారం ముందు పొద్దుగాల ఆయన పాస్‌పోర్టు పట్టుకొని మా దుకాణానికి వచ్చిండు. ఇంట్లనే నాకిస్తే అయిపోయేది, అయినా వచ్చిండు. అందరి తీరుగనే గిరాకీలు కూసునే కుర్చీల కూసున్నడు. సేటు చాయ్ తెప్పిచ్చిండు.

"నువ్వే తియ్యి బిడ్డా" అన్నడు. "సీదా దుబాయ్ తియ్యి. మస్కట్ మీదికెల్లి వద్దు."

గొంతుల కోపం లేదు. పాస్‌పోర్టు నా దిక్కు జరిపిండు, గంతే. అంటే ఆయనకు మస్కట్ సంగతి కూడ తెలుసు. అది చెప్పి ఉంటది. నేను తల దించి కంప్యూటర్ల చూసిన. ఊరి పేరు కొట్టిన, తారీఖు కొట్టిన. ఇంత కాలం రాసుకొని, అడగని మాట నోటి దాక వచ్చింది. నేను కూడ వస్త బాపు. ఒక్కసారి. రూం చూసి వస్త.

కంప్యూటర్ల తర్వాత నింపే డబ్బాల, ఎంతమంది అని ఉంటది. రోజుకు ఇరవైసార్లు గిరాకీలను అడిగే మాట, అలవాటు కొద్ది నోట్లెకెల్లి వచ్చేసింది.

"ఎంతమందికి?" అన్న. అని ఆయన దిక్కు చూసిన.

"ఒక్కనికే బిడ్డా" అన్నడు.